ఇంగ్లీషు పేరు పుట్టుపూర్వోత్తరాలు వెదకడం ఎలా: ‘జాన్’ ఆధారంగా ఒక మార్గదర్శిని

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మగబిడ్డకు ఇంగ్లీషు పేరు పెట్టాలనుకునే కుటుంబాలు ముఖ్యంగా రెండు రకాలు. క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగి, తాతకో ముత్తాతకో ఉన్న బైబిలు పేరునే ఇంగ్లీషు ఉచ్చారణలో తిరిగి పెట్టుకునేవారు కొందరు. పిలవడానికి పొట్టిగా ఉంటుందనో, రేపు విదేశంలో చదువుకునేటప్పుడు అక్కడివారి నోరు సులువుగా తిరుగుతుందనో ఎంచుకునేవారు మరికొందరు. ఇద్దరూ మొదట చేసే పని మాత్రం ఒకటే. ఫోనులో పేర్ల జాబితా తెరిచి, పేరు పక్కన రాసి ఉన్న ఒక్క ముక్క అర్థాన్ని చదివి, అది మనసుకు నచ్చితే పేరు ఖాయం చేసుకుంటారు. ఆ జాబితాల్లో చాలావాటికి ఆధారం మరో జాబితాయే గనుక, ఒకచోట పడిన తప్పు పదిచోట్లకు పాకి, చివరకు నిజమనే పేరు తెచ్చుకుంటుంది. ఒక పేరును పద్ధతిగా పరిశీలించడం ఎలాగో, మన తట్టు అందరికీ తెలిసిన ‘జాన్’ను తీసుకొని ఇక్కడ వివరిస్తాను. ఇదే దారి డేవిడ్‌కూ, విలియంకూ, వెస్లీకీ పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలను కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి. ఈ మాట మొదట ఏ భాషలో పుట్టింది, అక్కడ దానికి అర్థమేమిటి? అక్కడి నుంచి ఎవరి నోళ్ల మీదుగా, ఏయే రూపాలు మారుతూ ఇంగ్లీషులోకి, ఆ తరువాత మన ఊరికి వచ్చింది? ఏ కాలంలో ఎంతమంది ఆ పేరు పెట్టుకున్నారు, ఇప్పుడు ఎంతమంది పెట్టుకుంటున్నారు? మొదటిదానికి జవాబు నిఘంటువుల్లోనూ, రెండోదానికి చరిత్రలోనూ సంఘ రిజిస్టర్లలోనూ, మూడోదానికి జనన లెక్కల్లోనూ దొరుకుతుంది. ఒకదాని సాక్ష్యంతో మరొకదానికి జవాబు చెప్పబోయినప్పుడే పొరపాట్లు జరుగుతాయి. ‘ఈ పేరుగలవారు నాయకులవుతారు’, ‘వీరికి నీలం రంగు కలిసివస్తుంది’ వంటి వాక్యాలు ఈ మూడింటిలో దేనికీ చెందవు. వాటిని చదవకుండానే దాటిపోవచ్చు.

అర్థాన్ని మూలభాషలో వెదకాలి

ఇంగ్లీషువారి పేరు అయినంత మాత్రాన అది ఇంగ్లీషు మాట కానక్కరలేదు. వారు వాడే మగపేర్లలో సొంత భాషలో పుట్టినవి తక్కువే. డేవిడ్, శామ్యూల్, డేనియల్, జాన్ హీబ్రూ నుంచి వచ్చాయి. జార్జ్, ఫిలిప్ గ్రీకు పేర్లు. మొదటిదానికి భూమి దున్నేవాడనీ, రెండోదానికి గుర్రాలంటే ఇష్టపడేవాడనీ అర్థం. విక్టర్, పాల్ లాటిన్‌వి. విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ ప్రాచీన జర్మానిక్ పేర్లు. 1066లో ఫ్రాన్సు తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడ విస్తరించాయి. ఎడ్వర్డ్, ఆల్ఫ్రెడ్, ఎడ్విన్ వంటి కొన్ని మాత్రం అంతకుముందు నుంచీ ఆ నేలమీద ఉన్న పాత ఇంగ్లీషు పేర్లు. వెస్లీ, స్టాన్లీ, నెల్సన్, విల్సన్ మొదట ఇంటిపేర్లుగా ఉండి, తరువాత బిడ్డలకు పెట్టే పేర్లయ్యాయి. మన జిల్లాల్లో కమ్యూనిస్టు కుటుంబాలు అభిమానంతో పెట్టుకున్న లెనిన్, స్టాలిన్ పేర్లను కూడా కొందరు ఈ వరుసలో చేరుస్తారు గాని, అవి రష్యా విప్లవకారులు తమకు తాము తగిలించుకున్న మారుపేర్లు. ఇంగ్లీషుతో వాటికి సంబంధం లేదు.

కాబట్టి చేతికి వచ్చిన పేరు ఈ గుంపుల్లో దేనికి చెందుతుందో ముందు తేల్చుకోవాలి. గుంపు తేలితే ఎక్కడ వెదకాలో తెలుస్తుంది. విలియం వంటి జర్మానిక్ పేర్లు సాధారణంగా రెండు ముక్కల అతుకు. ఒక ముక్కకు సంకల్పమనీ, మరొకదానికి శిరస్త్రాణమనీ అర్థం ఉన్నా, రెండూ కలిపి ఒక వాక్యంగా చదవవలసిన అవసరం లేదు, ఎందుకంటే తల్లిదండ్రుల పేర్లలోని ముక్కలను కలిపి బిడ్డకు పేరు కూర్చడం ఆ జాతుల్లో వాడుక. హీబ్రూ పేర్లు అలా కాదు. వాటిలో చాలా పేర్లు పూర్తి వాక్యాలు.

జాన్ అలాంటి వాక్యమే. దాని హీబ్రూ రూపం యోహానాన్. అందులో ‘యో’ అనేది యెహోవా అనే దైవనామానికి కుదించిన రూపం. తరువాతి భాగం కనికరించడం, దయచూపడం అనే అర్థంగల ధాతువు నుంచి పుట్టింది. రెండూ కలిస్తే ‘యెహోవా కనికరించాడు’ లేదా ‘యెహోవా కృపగలవాడు’ అని అర్థం. అంటే ఈ పేరు బిడ్డ గుణాన్ని చెప్పదు. బిడ్డ పుట్టుకలో కన్నవారికి కనబడిన దైవకృపను చెబుతుంది. మన సంఘాల్లో వినబడే కృపానందం, కృపాకర్, దేవకృప వంటి పేర్లు ఇదే భావానికి తెలుగులో కట్టిన పేర్లు. ఇంట్లో ఒకరికి కృపాకర్ అనీ, మరొకరికి జాన్ అనీ పేర్లు పెట్టుకున్నవారు, తెలియకుండానే ఒకే మాటను రెండు భాషల్లో చెప్పుకున్నట్టు.

ఈ అర్థాన్ని సరిచూసుకోవడానికి ఖరీదైన గ్రంథాలు అక్కరలేదు. తెలుగు బైబిలు అనువాదకులు పాత నిబంధనలోని పేర్లను హీబ్రూ రూపాలకు దగ్గరగానే ఉంచారు గనుక, ఇంట్లో ఉన్న బైబిలే మంచి పనిముట్టు. యిర్మీయా గ్రంథం 40వ అధ్యాయంలో కారేహ కుమారుడైన యోహానాను అనే సేనాధిపతి కనిపిస్తాడు. అది జాన్‌కు మూలరూపం. క్రొత్త నిబంధన గ్రీకులో రాసినది కాబట్టి అక్కడ అదే పేరు గ్రీకు మీదుగా వచ్చి యోహాను అయింది. దయచూపడమనే అదే ధాతువు సమూయేలు తల్లి హన్నా పేరులో ఉంది. దానియేలు స్నేహితుడు హనన్యా పేరులో ఆ రెండు ముక్కలే ముందు వెనుకలుగా మారి ఉన్నాయి. ఇలా ఒకే ధాతువు ఉన్న పేర్లను మూడు నాలుగు వరుసగా రాసుకుంటే, అర్థాన్ని ఎవరో చెబితే నమ్మవలసిన పని లేకుండా కంటికే కనబడుతుంది.

జాబితాల్లో జాన్ పక్కన ‘దేవుని బహుమానం’ అని తరచు కనిపిస్తుంది. ఆ అర్థం ఇతనిది కాదు, యోనాతానుది. ఇంగ్లీషులో జానథన్ అని పలికే ఆ పేరుకు ‘యెహోవా ఇచ్చాడు’ అని అర్థం. నతనయేలు, మత్తయి, గ్రీకు నుంచి వచ్చిన థియొడోర్ కూడా ఈ ఇవ్వడమనే గుంపులోనివే. ప్రవక్త యోనా పేరుకైతే పావురమని అర్థం. ఇంగ్లీషు ఉచ్చారణలో జాన్, జానథన్, జోనా దగ్గర దగ్గరగా వినబడడం వల్ల, జానథన్‌ను కుదిస్తే జాన్ వస్తుందనే భ్రమ వల్ల ఈ కలగాపులగం పుట్టింది. తెలుగు బైబిలులో యోహాను, యోనాతాను, యోనా అని మూడూ వేరువేరుగా నిలబడి ఉండడంతో మనకు ఈ గందరగోళం నుంచి తప్పించుకునే వీలు ఇంగ్లీషువారికంటే ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్ లేకుండా రాసే జాన్ మాత్రం నిజంగానే జానథన్‌కు పొట్టిరూపం కావచ్చు గనుక, ఎవరైనా అలా రాసుకుంటే అడిగి తెలుసుకోవాలి.

ఏ పుస్తకాన్ని నమ్మాలో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పేరుకు అర్థం చెప్పేటప్పుడు మూలభాష ఏదో, ఆ భాషలో పూర్తి రూపమేమిటో, అందులో ఏ ముక్కకు ఏ అర్థమో చెబుతున్నదా అని చూడాలి. ఈ మూడూ చెప్పకుండా తీయని మాట ఒకటి మాత్రం రాసి వదిలేసిన చోటును పక్కన పెట్టాలి. నిజమైన నిఘంటువులు కొన్ని పేర్ల దగ్గర మూలం సందిగ్ధమని ఒప్పుకుంటాయి, ఆర్థర్ అటువంటిదే. సందిగ్ధమని రాసిన పుస్తకమే మిగతా చోట్ల ఎక్కువ నమ్మదగినదని నా అభిప్రాయం.

మన జిల్లాల్లో మరో చిక్కు ఉంది. నెల్లూరు, ఉదయగిరి, కందుకూరు తట్టు ముస్లిం కుటుంబాల్లో జాన్ బీ, మహబూబ్ జాన్ వంటి పేర్లు వినిపిస్తాయి. ఆ జాన్ పారసీక పదం. ప్రాణమని అర్థం, ఆప్యాయతను తెలిపే చేర్పుగా కూడా వాడతారు. హీబ్రూ యోహానానుకూ దానికీ చుట్టరికం లేదు. యోహానుకు సరిసమానమైన అరబ్బీ పేరు యహ్యా. ఖురానులో బాప్తిస్మమిచ్చు యోహానును ఆ పేరుతోనే ప్రస్తావిస్తారు. అలాగే జానీ అనే పిలుపు ఒక ఇంట ఇంగ్లీషు జాన్‌కు ముద్దుపేరు కావచ్చు, మరో ఇంట జానీ బాషాలో సగం కావచ్చు. జానయ్య అనే పేరు వింటే, జాన్‌కు అయ్య చేరిందో, జానకిరామయ్య కుదించుకుపోయిందో పేరును చూసి చెప్పలేము. అందుచేత తెలుగు అక్షరాల్లో రాసిన పేరును మాత్రమే ఆధారం చేసుకొని అర్థం చెప్పకూడదు. ఆ ఇంటివారిని అడగాలి.

చరిత్రను దారి వెంట చదవాలి

అర్థం తేలిన తరువాత, ఆ పేరు ఎవరివల్ల ప్రసిద్ధమైందో చూడాలి. జాన్ విషయంలో ఇద్దరు యోహానులున్నారు: బాప్తిస్మమిచ్చు యోహాను ఒకరు, అపొస్తలుడైన యోహాను మరొకరు. మొదటివాని నామకరణమే లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఒక కథ. ఎనిమిదో రోజున ఇరుగుపొరుగువారూ చుట్టాలూ చేరి, బిడ్డకు తండ్రి పేరే జెకర్యా అని పెట్టబోతారు. తల్లి ఎలీసబెతు ఒప్పుకోక యోహాను అనాలంటుంది. మీ బంధువుల్లో ఆ పేరుగలవాడెవడూ లేడు గదా అని వారు అభ్యంతరం చెబుతారు. మాట పడిపోయి ఉన్న జెకర్యా పలక తెప్పించుకొని, దాని మీద యోహాను అని రాసి తగవు తీరుస్తాడు. మేనత్తకు ఒక పేరు, నాయనమ్మకు ఒక పేరు, పెదనాన్నకు మరో పేరు నచ్చిన ఇంట పెరిగినవారికి ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఇద్దరి పేరుమీద పాశ్చాత్య సంఘాలు జూన్ 24న, డిసెంబరు 27న పండుగలు చేసుకుంటాయి. గ్రీకులో ఇయోయాన్నెస్, లాటిన్‌లో యోహాన్నెస్ అయిన పేరు, క్రైస్తవ మతం వెళ్లిన ప్రతి దేశంలోనూ ఆ దేశపు నోటికి తగ్గట్టు మారింది. రష్యాలో ఇవాన్, స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, జర్మనీలో యోహాన్, హాన్స్, ఐర్లండులో షాన్, స్కాట్లండులో ఇయన్. వెదికేటప్పుడు ఈ రూపాలన్నింటినీ ఒకచోట రాసి పెట్టుకోవడం వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఒక ఇంట అన్నకు జాన్ అనీ, తమ్ముడికి షాన్ అనీ, బాబాయి కొడుకుకు ఇవాన్ అనీ పేర్లు పెడితే, ముగ్గురిదీ ఒకే పేరు అవుతుంది. అందులో తప్పేమీ లేదు గాని, తెలిసి పెట్టడం వేరు.

ఇంగ్లండులో నార్మన్ల విజయానికి ముందు ఈ పేరు అరుదు. ఆ తరువాత మూడు శతాబ్దాల్లో అది ఎంతగా వ్యాపించిందంటే, 14వ శతాబ్దానికి జాన్, విలియం, థామస్, రిచర్డ్, రాబర్ట్ అనే ఐదు పేర్లే ఆ దేశపు మగవారిలో సగానికి పైగా మందికి ఉండేవి. జాన్ అనే రాజు 1199 నుంచి 1216 వరకు పాలించి, ప్రభువుల తిరుగుబాటుకు తలవంచి 1215లో మాగ్నాకార్టా ఒప్పందానికి ముద్ర వేయవలసి వచ్చింది. ఆ తరువాత ఏ ఇంగ్లండు రాజూ జాన్ పేరుతో సింహాసనం ఎక్కలేదు. ప్రజలు మాత్రం ఆ రాజును పట్టించుకోకుండా తమ బిడ్డలకు ఆ పేరు పెడుతూనే ఉన్నారు. పేరు ప్రఖ్యాతికి రాజులే కారణమని రాసే జాబితాలను ఇటువంటి చోట నిలదీయవచ్చు.

ఒక ఊళ్లో పదిమంది జాన్లు ఉంటే పిలుపుకు తేడా కావాలి. అలా పుట్టిన ముద్దుపేరు జాక్. అది జేమ్స్‌కో జాకబ్‌కో పొట్టిరూపమని చాలామంది అనుకుంటారు గాని, జాంకిన్ అనే మధ్యరూపం మీదుగా జాన్ నుంచే వచ్చింది. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీని ఇంటివారు, మిత్రులు జాక్ అని పిలిచేవారు. తండ్రి పేరుతో కొడుకును గుర్తుపట్టే అలవాటు వల్ల జాన్సన్, జాక్సన్, జెంకిన్స్, జోన్స్ అనే ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. జాన్సన్ అంటే జాన్ కొడుకు. మన వైపు ప్రసాదరావుగారి అబ్బాయికి కూడా జాన్సన్ అని పేరు పెడుతుంటారు. వినడానికి బాగుంటుందని పెట్టుకున్నామంటే సరే, అర్థం కోసమైతే మరోసారి ఆలోచించుకోవచ్చు.

రాతలో కనబడే తేడాలను కూడా గమనించాలి. ఇంగ్లీషులో జె అనే అక్షరం ఐ నుంచి పూర్తిగా విడిపోయింది 17వ శతాబ్దంలోనే. 1611లో అచ్చయిన జేమ్స్ రాజు బైబిలు మొదటి ముద్రణలో ఈ పేరు ఐ అక్షరంతోనే ఉంది. అందులోని హెచ్ పలకదు, లాటిన్ రూపానికి గుర్తుగా మిగిలింది. పాత ఇంగ్లీషు రికార్డుల్లో వెదికేవారికి 1538 గుర్తుండవలసిన సంవత్సరం. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, పుస్తకంలో రాయాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్ ఆజ్ఞ ఇచ్చినది ఆ ఏడే. ప్రభుత్వం తరఫున జనన నమోదు ఇంగ్లండు, వేల్స్‌లలో 1837లో మొదలైంది. అంతకుముందు పేర్ల ఆదరణ గురించి చెప్పే ప్రతి అంకె పారిష్ పుస్తకాల నుంచో, పన్నుల పద్దుల నుంచో లెక్క వేసినదే.

ఇక మన దారి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషను నెలకొల్పాడు. లైమన్ జ్యూయెట్ దంపతులు, మరికొందరు తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన సంగతి అక్కడి సంఘాలు నేటికీ చెప్పుకుంటాయి. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876–78 నాటి ధాతకరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని కరువు బాధితులకు కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ పేర్లను మన పద్ధతిలో చూస్తే, శామ్యూల్ హీబ్రూ పేరు. లైమన్, ఎవరెట్ ఇంటిపేర్ల నుంచి వచ్చినవి. ఎవరెట్‌కు మూలమైన ఎవరార్డ్ అడవిపంది, దృఢత్వం అనే రెండు జర్మానిక్ ముక్కల అతుకు. అయితే ఈ సామూహిక బాప్తిస్మాల ఉద్యమానికి ఆద్యుడిగా చెప్పుకునే యెర్రగుంట్ల పేరయ్య మాత్రం బాప్తిస్మం తరువాత కూడా పేరయ్యగానే ఉండిపోయాడు. మతంతోపాటే ఇంగ్లీషు పేరు వచ్చి తీరిందని అనుకోవడానికి వీల్లేదన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.

మీ కుటుంబంలో ఈ పేరు ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవాలంటే పాత సంఘంలోని బాప్తిస్మ రిజిస్టరును చూడాలి. సంఘ కాపరిని ముందుగా అడిగి, తాతగారి ఇంటిపేరు, ఊరు, సుమారు వయసు రాసుకొని వెళ్లాలి. పేరు ఒక్కటే పట్టుకొని వెళితే ఒకే పల్లెలో యోహానులు నలుగురు తేలవచ్చు. రిజిస్టరులో యోహాను అని ఉన్నవారే బడి రికార్డులో జాన్ అనీ, ఇంట్లో మరో పేరుతోనూ ఉండడం మామూలే గనుక, కనీసం రెండు కాగితాల్లో తండ్రి పేరు సరిపోయిందో లేదో చూసుకున్న తరువాతే ఒకే మనిషి అని నిర్ణయించాలి. యోహాను పోయి జాన్ ఏ తరంలో వచ్చిందో గుర్తిస్తే, ఆ ఇంట ఇంగ్లీషు చదువు ఎప్పుడు అడుగుపెట్టిందో కూడా ఊహించవచ్చు. జాన్ వెస్లీ అనే జంట పేరు కనబడితే, అది 1703లో పుట్టి 1791లో మరణించిన మెథడిస్టు ఉద్యమ స్థాపకుని పేరు. బాప్టిస్టు సంఘాల ప్రాంతంలోనూ ఆయన పేరు ఇంతగా వాడుకలో ఉండడం, శాఖల హద్దులను పేర్లు లెక్కచేయవనడానికి నిదర్శనం.

ఆదరణను లెక్కల్లో చదవాలి

ఒక పేరు ప్రజాదరణ పొందిందని చెప్పాలంటే ఏ దేశంలో, ఏ సంవత్సరంలో అన్నది కూడా చెప్పాలి. అమెరికాలో సామాజిక భద్రతా సంస్థ 1880 నుంచి పుట్టినవారి పేర్లను ఏడాదివారీగా ప్రచురిస్తుంది. ఆ పట్టికలో 1880 నుంచి 1923 వరకు మగపేర్లలో జాన్‌దే మొదటి స్థానం. 1924లో రాబర్ట్ దాన్ని దాటింది. ఇంగ్లండు, వేల్స్‌లకు జాతీయ గణాంక కార్యాలయం విడుదల చేసిన పదేళ్లకొకసారి జాబితాల్లో 1914, 1924, 1934, 1944లలో జాన్ మొదట ఉండి, 1954 నాటికి డేవిడ్‌కు చోటు ఇచ్చింది.

ఈ పట్టికలను చదివేటప్పుడు స్థానంకంటే శాతాన్ని ఎక్కువగా చూడాలి. 1880లో అమెరికా పట్టికలోని ప్రతి వందమంది మగబిడ్డల్లో ఎనిమిదిమందికి జాన్ అని పేరు. నేడు అక్కడ మొదటి స్థానంలో ఉన్న లియామ్ అనే పేరు కూడా వందలో ఒక్కరికి అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది, ఎందుకంటే తల్లిదండ్రులు ఇప్పుడు వేలకొద్దీ పేర్ల నుంచి ఎంచుకుంటున్నారు. కాబట్టి ‘నంబర్ వన్ పేరు’ అని భయపడి వదులుకోనక్కరలేదు. తరగతిలో నలుగురు లియామ్‌లు ఉండే అవకాశం, ఒకప్పుడు నలుగురు జాన్లు ఉన్న అవకాశంకంటే చాలా తక్కువ.

రెండో జాగ్రత్త, ఈ పట్టికలు ప్రతి వర్ణక్రమాన్నీ వేరే పేరుగా లెక్కిస్తాయి. షాన్‌ను ఇంగ్లీషులో మూడు విధాలుగా రాస్తారు; మూడూ మూడు వరుసల్లో ఉంటాయి. ముద్దుపేర్లూ అంతే. ఇంగ్లండులో జాన్ దిగిపోయింది నిజమే గాని, 1990ల నడుమ నుంచి 2008 వరకు అక్కడ మొదటి స్థానంలో ఉన్న జాక్ దాని బిడ్డే. అమెరికాలో 2017 నుంచి మొదటి స్థానాన్ని అందుకున్న లియామ్, విలియం పేరుకు ఐరిష్ పొట్టిరూపం. పేరు చచ్చిపోయిందని చెప్పే ముందు దాని పిల్లపేర్లను కూడా కూడి చూడాలి. మూడోది, అమెరికా పట్టికలో ఏడాదికి ఐదుగురికంటే తక్కువమంది పెట్టుకున్న పేర్లను వ్యక్తుల గోప్యత కోసం చూపరు. పట్టికలో లేనంత మాత్రాన ఆ పేరు లోకంలో లేదని అర్థం కాదు. అలాగే 1937కు ముందు పుట్టినవారిలో చాలామంది సామాజిక భద్రత కార్డు తీసుకోలేదు కాబట్టి పాత సంవత్సరాల అంకెలు అసంపూర్ణమైనవి.

మన దేశంలో ప్రభుత్వం ఏటా ఇటువంటి పేర్ల పట్టికను ప్రచురించదు. ‘భారతదేశంలో ఈ పేరు ఆదరణ ఇంత’ అని అంకె చూపించే చోటును అనుమానించాలి. అయినా ఒక ఊరిమట్టుకు మనమే లెక్క కట్టుకోవచ్చు. ఎన్నికల సంఘం ప్రచురించే ఓటర్ల జాబితాలో పోలింగ్ కేంద్రం వారీగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. ఒక కేంద్రపు జాబితా తీసుకొని అరవై దాటినవారిని, నలభై నుంచి అరవై లోపువారిని, నలభై లోపువారిని మూడు గుంపులు చేసి, యోహాను, జాన్, జాన్ చేరిన జంట పేర్లు విడివిడిగా లెక్కపెడితే ఏ తరంలో ఏ రూపం ఎక్కువో బయటపడుతుంది. పైన చెప్పిన జాన్ బీలను ఇక్కడ పొరపాటున కలపకూడదు. పద్దెనిమిది నిండనివారు ఆ జాబితాలో ఉండరు గనుక, నేటి పిల్లల సంగతి తెలియాలంటే ఆదివారపు బడి హాజరు పట్టికే దిక్కు. లెక్క కోసం తప్ప ఎవరి వివరాలూ బయటపెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఖాయమైన పేరును నమోదు చేయించడం

పేరు తేలాక దాని ఇంగ్లీషు వర్ణక్రమాన్ని ఒకసారికి నిర్ణయించి కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంచుకోవాలి. జాన్‌కు ఇంగ్లీషు వరుస జె, ఓ, హెచ్, ఎన్. మన వైపు హెచ్‌ను ఓకు ముందు జరిపి రాయడం ఎంతో తరచుగా జరిగే పొరపాటు. తెలుగు అక్షరాల నుంచి తిరిగి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ‘జా’ కోసం జె తరువాత ఏ పెట్టడం మరొకటి. అలా రాస్తే యూరపులో యాన్ అని పలికే వేరే రూపమవుతుంది, లేదా పారసీక జాన్ అవుతుంది. జంట పేరైతే జాన్, వెస్లీల నడుమ ఖాళీ ఉండాలో లేదో, ఇంటిపేరు పూర్తిగా రాయాలో ఒక్క అక్షరంతో సరిపెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా తెలపాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆ పని ఆసుపత్రివారే చేస్తారు. అప్పటికి పేరు తేలకపోయినా ఇబ్బంది లేదు; పేరు గడిని ఖాళీగా ఉంచి నమోదు చేయించి, పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించవచ్చు. కాబట్టి చుట్టాల తొందరకు లొంగి, చూడని పేరును ఆసుపత్రి ఫారంలో రాయించవలసిన అవసరం లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం, ఓటరు నమోదు, పాస్‌పోర్టు వంటి వాటన్నింటికీ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకీ చోటుకీ రుజువుగా చెల్లుతుంది గనుక, అందులో పడిన పేరే మిగతా కాగితాలన్నింటికీ ఆధారమవుతుంది.

పల్లెల్లో పంచాయతీ వద్ద, పట్టణాల్లో మునిసిపాలిటీ వద్ద దరఖాస్తు ఇచ్చేటప్పుడు ముందే రాసి పెట్టుకున్న కాగితాన్ని జతచేసి, పేరు ఎక్కించిన తరువాత తెలుగు గడినీ ఇంగ్లీషు గడినీ వేరువేరుగా, అక్షరం తరువాత అక్షరం చదివి చూసుకోవాలి. పొరపాటు తరువాత కనబడితే రిజిస్ట్రారు మొదటి నమోదును చెరపరు. చట్టంలోని 15వ సెక్షను ప్రకారం పక్కన మార్జినులో సవరణ రాసి, సంతకం, తేదీ వేస్తారు. అందుకు బిడ్డ తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు, సరైన పేరు ఉన్న బాప్తిస్మ పత్రం వంటి ఆధారాలు వెంట తీసుకువెళ్లాలి.